కారు చూసి ఆకలి కొలవకు

ఫీనిక్స్, అరిజోనా

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారాలు మీ చర్చివాళ్లు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీలో పనిచేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. నువ్వు అడిగిన మాట మాత్రం అప్పటినుంచీ మనసులో మెదులుతూనే ఉంది. "మంచి మంచి కార్లలో వస్తున్నారు పెద్దమ్మా, వాళ్లకీ ఇవ్వాలా?" అన్నావు. ఇవ్వాలి.

ఈ దేశంలో చాలా ఊళ్లలో కారు లేకపోతే పనికి వెళ్లడమే కుదరదు. పని పోయినా కారు వాకిట్లోనే ఉంటుంది, దాని వాయిదా మాత్రం ఆగదు. అద్దె, కరెంటు బిల్లు, మందులు, వీటిలో ఒక్క డాలరు తగ్గించినా ఊరుకోరు. తగ్గించుకోగలిగింది తిండి ఒక్కటే. తల్లులు ముందు తమ కంచంలో తగ్గించుకుంటారు. 2023లో సుమారు 4.7 కోట్ల మంది తిండికి భరోసా లేని ఇళ్లలో ఉన్నారని ఇక్కడి వ్యవసాయ శాఖే లెక్క చెప్పింది. వాళ్లందరూ నడిచి వస్తారా?

తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే స్నాప్ కార్డు ఉంది కదా అంటారు కొందరు. ఆ కార్డుతో సబ్బు కొనడానికి లేదు, డైపర్లు కొనడానికి లేదు. నెలకోసారి అందులో పడే డబ్బు చాలా ఇళ్లలో నెలాఖరుదాకా రాదు. అందుకే నేను పనిచేసే ప్యాంట్రీ దగ్గర నెల చివరి శనివారాల్లో వరస రోడ్డుదాకా ఉంటుంది.

అసలు ఫుడ్ బ్యాంకు అనేది మొదలైంది మా ఊళ్లోనే. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన పేదల భోజనశాలలో వాలంటీరుగా ఉండేవాడు. దుకాణాల వెనక చెత్తడబ్బాల్లోంచి పిల్లలకు తిండి ఏరుకుంటున్న ఒక తల్లి, డబ్బుకు బ్యాంకు ఉన్నట్టు తిండికీ ఒకటి ఉంటే బాగుండునని ఆయనతో అన్నదట. సెయింట్ మేరీస్ చర్చివాళ్లు ఓ పాత భవనం, 3,000 డాలర్లు ఇచ్చారు. 1967లో పని మొదలైంది. ఇందులో నాకు గొప్పగా తోచేది ఆ తల్లి మాటే. ఈ ఏర్పాటుకు ఆలోచన చెప్పింది చెయ్యి చాచిన మనిషి. అలాంటి మనిషిని గుమ్మంలో నిలబెట్టి నీకు నిజంగా అవసరమా అని మనం ఆరా తీయడమేమిటి?

అందుకే మా ప్యాంట్రీలో పెట్టెలు కట్టి ఇవ్వడం మానేశాం. సరుకులు అరల్లో సర్దుతాం, ఎవరికి కావలసినవి వాళ్లే తీసుకుంటారు. షుగరున్న పెద్దాయనకు పాకంలో నానిన పండ్ల డబ్బా ఎందుకు? మోటల్ గదిలో బతికే కుటుంబానికి పొయ్యే ఉండదు, వాళ్లకు ఎండు రాజ్మా ఏం పనికొస్తుంది? కూలరు దగ్గర నిలబడి పెరుగు కావాలో పాలు కావాలో తేల్చుకోలేక పిల్లలు తల్లిని లాగుతుంటారు. అది చూస్తే నాకు నిలబడ్డ కాళ్ల నొప్పి కూడా తెలియదు.

సరుకు సర్దేటప్పుడు జాగ్రత్త. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా వెంటనే తీసెయ్. పసిపిల్లల పాలపొడి తేదీ దాటితే అరలో పెట్టనే వద్దు.

ప్రార్థన సంగతి కూడా అడిగావు. అడిగినవాళ్లతో తప్పకుండా చెయ్యి. అయితే ప్రార్థనలో కూర్చుంటేనే సంచి అనే షరతు ఎవరు పెట్టినా ఒప్పుకోకు. ప్రభుత్వ సరుకులు అందుకునే చోట అది నిబంధనలకే విరుద్ధం. నిబంధన లేకపోయినా నేను ఇదే చెబుదును. మా అమ్మ వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు వేరే ఉంచి ఆదివారం గుడికి తీసుకెళ్లేది. అవి ఎవరింటికి చేరాయని ఏనాడూ అడగలేదు.

ఈ నెల మీ యూత్ గ్రూపు పిల్లలంతా కలిసి సబ్బులు, డైపర్లు, చేత్తో తిప్పే క్యాన్ ఓపెనర్లు పోగుచేయండి. పెట్టెల బదులు అరలు పెట్టమని మీ పాస్టరుగారిని నా మాటగా అడుగు. నా వంతు డబ్బు మీ అమ్మకు పంపాను.

ప్రేమతో,
పెద్దమ్మ