నాన్నమ్మ గొంతులో ఎన్ని సంఖ్యలు?



గత నెల పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను సూటిగా అడిగారు. "మేడమ్, మావాడు కంప్యూటర్ పీరియడ్‌లో గొంతులు రికార్డు చేసుకుని వింటున్నాడట. దీనివల్ల చదువుకేమైనా ఉపయోగం ఉందా?" న్యాయమైన ప్రశ్నే. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేకపోయాను. అందుకే ఈ నెల మా 9వ తరగతి పిల్లలు పైథాన్ భాషలో ఆడియో ఫైళ్లతో ఏం చేస్తున్నారో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

శబ్దం సంఖ్యగా ఎలా మారుతుంది?

మనం మాట్లాడితే గాలి కంపిస్తుంది. మైక్ ఆ కంపనాన్ని కరెంటు సంకేతంగా మారుస్తుంది. కంప్యూటర్ ఆ సంకేతాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక సంఖ్యగా రాసుకుంటుంది. బిడ్డకు జ్వరం వస్తే మనం గంటగంటకూ టెంపరేచర్ చూసి కాగితం మీద రాసుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. ఒక్కో కొలతను శాంపిల్ అంటారు.

ఆడియో సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటాయి. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. ఒక కంపనాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే దాని వేగానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. 20,000కు రెట్టింపు 40,000. దానిమీద కొంచెం అదనంగా పెట్టుకున్నదే 44,100. పాతకాలపు ఫోన్ కాల్‌లో సెకనుకు 8,000 శాంపిళ్లే ఉండేవి. ఫోన్‌లో గొంతు కాస్త మూసుకుపోయినట్టు వినిపించడానికి అదొక కారణం.

ఒక్కో శాంపిల్‌కు సాధారణంగా 16 బిట్లు, అంటే 2 బైట్లు కేటాయిస్తారు. అందులో -32,768 నుంచి 32,767 వరకు ఏ సంఖ్యనైనా రాయవచ్చు. నిశ్శబ్దమంటే 0. గొంతు పెరిగేకొద్దీ సంఖ్యలు 0 నుంచి అటూ ఇటూ దూరంగా జరుగుతాయి. 7వ తరగతిలో నేర్చుకున్న రుణ పూర్ణాంకాలు ఎక్కడ పనికొస్తాయని అడిగే పిల్లలకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది.

వేవ్ ఫైల్ అంటే ఏమిటి?

వేవ్ ఫైల్ పద్ధతిని 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు కలిసి తెచ్చాయి. ఎంపీ3 ఫైల్ చిన్నగా ఉండటానికి కారణం, మన చెవి అంతగా పట్టించుకోని వివరాలను అది తీసేస్తుంది. మామూలు వేవ్ ఫైల్ ఏదీ తీసేయదు. కొలిచిన ప్రతి సంఖ్యనూ వరసగా ఉంచుతుంది. అందుకే అది పెద్దగా ఉంటుంది, పిల్లలు విప్పి చూడటానికీ వీలుగా ఉంటుంది.

ఫైల్ మొదట్లో మందు సీసాకు ఉన్నట్టు ఒక లేబుల్ ఉంటుంది. దాన్ని హెడర్ అంటారు. మామూలు ఫైల్‌లో అది 44 బైట్లు. చానెళ్లు ఎన్ని, సెకనుకు శాంపిళ్లు ఎన్ని, ఒక్కో శాంపిల్‌కు బిట్లు ఎన్ని అన్నది అందులో రాసి ఉంటుంది. ఆ తర్వాత మిగిలిందంతా శబ్దమే.

చదవడం

పైథాన్‌లో వేవ్ అనే మాడ్యూల్ ముందే ఉంటుంది, విడిగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఫైల్‌ను చదివే పద్ధతిలో తెరవాలంటే పేరు పక్కన ఆర్, బీ అనే రెండు అక్షరాలు రాస్తాం. ఆర్ అంటే రీడ్, బీ అంటే బైనరీ. తెరిచాక ముందు లేబుల్ చదవాలి. ఆ తర్వాతే రీడ్‌ఫ్రేమ్స్ అనే ఫంక్షన్‌తో బైట్లను తీసుకుని, రెండేసి బైట్లను కలిపి ఒక్కో సంఖ్యగా మార్చాలి.

లేబుల్ చదవకుండా తొందరపడితే ఏమవుతుందో పిల్లలు స్వయంగా చూశారు. 16 బిట్ల ఫైల్‌ను 8 బిట్లదనుకుని చదివినవాళ్లకు గొంతు బదులు గరగరమనే చప్పుడు వినిపించింది. 8 బిట్ల ఫైల్‌లో సంఖ్యలు 0 నుంచి 255 వరకు ఉంటాయి, నిశ్శబ్దం 128 దగ్గర ఉంటుంది. లెక్కే వేరు.

ఇంకొందరు ఫోన్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ పేరు చివర వేవ్ అని మార్చి తెచ్చారు. పైథాన్ ఒప్పుకోలేదు. సీసా మీద లేబుల్ మార్చినంత మాత్రాన లోపలి మందు మారదు కదా. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. అలా మార్చినా, ముందే తీసేసిన వివరాలు మాత్రం తిరిగి రావు.

రాయడం

రాయాలంటే ఆర్ బదులు డబ్ల్యూ రాస్తాం. ముందు చానెళ్లు, బైట్లు, శాంపిల్ రేటు చెప్పి, తర్వాత సంఖ్యలను బైట్లుగా మార్చి రైట్‌ఫ్రేమ్స్‌తో రాయాలి. శబ్దం పెంచాలంటే ప్రతి సంఖ్యనూ 2తో గుణిస్తే చాలు. కానీ 18,000ను 2తో గుణిస్తే 36,000 వస్తుంది, 16 బిట్లలో అది పట్టదు. అలాంటి చోట 32,767 దగ్గర ఆపమని ప్రోగ్రామ్‌కు ముందే చెప్పాలి. సంఖ్యలు మార్చకుండా లేబుల్‌లో శాంపిల్ రేటును మాత్రం రెట్టింపు చేస్తే, పాట సగం సమయంలోనే అయిపోతుంది, గొంతు చిన్నపిల్ల గొంతులా సన్నబడుతుంది. ఆ రోజు క్లాసంతా నవ్వులే.

ఒక్క అక్షరం

ఆ వారమే నవ్వురాని సంగతి కూడా ఒకటి జరిగింది. ఒక అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో తన నాన్నమ్మ గొంతు తెచ్చాడు. నలభై సెకన్ల రికార్డింగ్. "చిన్నోడా, అన్నం తిన్నావా?" అని మొదలవుతుంది. ఆవిడ నిరుడు పోయారు. గొంతు బాగా చిన్నగా వినిపిస్తోందని, పెద్దది చేసి వాళ్ల నాన్నకు వినిపించాలని వాడి ఆశ.

చదవడానికి తెరవాల్సిన చోట వాడు ఆర్ బదులు డబ్ల్యూ కొట్టాడు. డబ్ల్యూతో తెరిస్తే కంప్యూటర్ అడగదు, హెచ్చరించదు. అదే పేరుతో ఉన్న పాత ఫైల్‌ను అక్కడికక్కడే ఖాళీ చేసేస్తుంది. స్క్రీన్ మీద ఎర్రగా ఎర్రర్ వచ్చింది. ఫైల్ సైజు చూస్తే సున్నా. వాడు ఏడవలేదు, నోట మాట రాక నా వైపు చూశాడు. ఆ క్షణంలో నాకూ కాళ్లు ఆడలేదు. ముందు కాపీ తీసుకోమని చెప్పాల్సింది నేనే, చెప్పలేదు.

లంచ్‌లో వాళ్ల అమ్మగారికి ఫోన్ చేశాం. అసలు రికార్డింగ్ ఆవిడ ఫోన్‌లో భద్రంగా ఉంది. వారం తర్వాత వాడు పని పూర్తి చేశాడు. ఇప్పుడు మా ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. అసలు ఫైల్ జోలికి పోకూడదు. కాపీనే చదవాలి, రాసేది ఎప్పుడూ కొత్త పేరుతోనే రాయాలి. ఈ నియమం బోర్డు మీద రాసింది నేను కాదు, ఆ అబ్బాయే.

ఈ ఆదివారం ఇంట్లో చేయండి

1. ఇంట్లో పెద్దవాళ్ల గొంతు 40 సెకన్లు రికార్డు చేయండి. కథైనా సరే, ఊరి సంగతైనా సరే.

2. దాన్ని ఒకే చానెల్, 16 బిట్లు, 44,100 శాంపిల్ రేటు ఉన్న వేవ్ ఫైల్‌గా మార్చండి. అసలుది ఫోన్‌లో అలాగే ఉంచి, కాపీ ఇంకోచోట దాచండి.

3. ఫైల్ తెరవకముందే దాని సైజు ఎంతుంటుందో మీ బిడ్డను లెక్కకట్టమనండి. 44,100ను 2 బైట్లతో, 40 సెకన్లతో గుణిస్తే 35,28,000. హెడర్ 44 కలిపితే 35,28,044 బైట్లు.

4. ఇప్పుడు ప్రాపర్టీస్‌లో అసలు సైజు చూడండి. రికార్డింగ్ ఒకటి రెండు క్షణాలు అటూ ఇటూ అయినా, లేబుల్‌లో అదనపు వివరాలున్నా కొంచెం తేడా వస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పమనండి. అదే అసలు పరీక్ష.

ఉపయోగం ఉందా అని అడిగిన ఆ తండ్రిగారికి నా సమాధానం ఇది. ఈ ఒక్క పాఠంలో గుణకారం, రుణ సంఖ్యలు, బైనరీ, భౌతికశాస్త్రంలోని ధ్వని అధ్యాయం అన్నీ కలిసే ఉన్నాయి. వాటికి మార్కులు ఎలాగూ వస్తాయి. దాంతోపాటు, ఒకసారి పోతే తిరిగిరానిదాన్ని ముట్టుకునే ముందు కాపీ తీసుకోవాలన్న జాగ్రత్త కూడా మన పిల్లలకు అలవడుతోంది.

రికార్డింగ్‌లో ఎవరి గొంతు ఉందో, లెక్క ఎంత వచ్చిందో పిల్లల డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. చదవడానికి ఎదురుచూస్తుంటాను.