కట్లు విప్పు ఎంజైములు

తెలుగు మాధ్యమమున చదివినచో విజ్ఞానశాస్త్రము పట్టుబడదని కొందఱు తల్లిదండ్రులు మాతో అనుచుందురు. మేము తెలుగు బోధించువారము. అయినను నేఁటి జీవశాస్త్రములోని ఒక విషయమును మన మాటలలో చెప్ప యత్నింతుము.

తాళపత్ర గ్రంథమును మీరు చూచియుందురు. ఆకులను రెండు పలకల నడుమ ఉంచి త్రాటితో కట్టుదురు. కట్టు విప్పిననే గాని లోని అక్షరము కానరాదు. మన జీవకణముల కేంద్రకములోను ఇట్టి కట్టే కలదు.

ఒక్కొక్క కేంద్రకములోని డి.ఎన్.ఎ. పోగులను వరుసగా చేర్చినచో సుమారు 2 మీటర్ల పొడవగును. కంటికి కానరాని కేంద్రకములో అంత పోగు ఎట్లు ఇముడును? హిస్టోనులను ప్రోటీనులు 8 చేరి ఒక ఉండ యగును. దాని చుట్టును పోగు రెండు చుట్లకు కొంచెము తక్కువగా చుట్టుకొనును. డి.ఎన్.ఎ.కు ఋణ విద్యుదావేశము, హిస్టోనులలోని లైసినుకు ధన విద్యుదావేశము కలవు. కావున అవి ఒకదాని నొకటి పట్టుకొనును.

ఈ పట్టును మార్చునవి ఎంజైములు. ఒక తెగ ఎంజైములు లైసినుకు ఎసిటైల్ అను చిన్న సమూహమును తగిలించును. అపుడు ధనావేశము పోయి పట్టు సడలును. అచ్చటి జన్యువును చదువుటకు వీలు కలుగును. మఱియొక తెగ ఆ సమూహమును ఊడఁదీయును. కట్టు మరల బిగియును. ఎసిటైల్ చేరికకును జన్యువుల పనికిని సంబంధ ముండవచ్చునని అమెరికాలో విన్సెంట్ ఆల్‌ఫ్రే 1964లో సూచించెను. 1996లో డేవిడ్ ఆలిస్ బృందము తగిలించు ఎంజైమును, స్టూవర్ట్ ష్రైబర్ బృందము ఊడఁదీయు ఎంజైమును గుర్తించి ప్రకటించిరి.

కంటి కణములోను, కాలేయ కణములోను ఉన్న గ్రంథ మొక్కటే. తెఱచిన పుటలు వేఱు. తెఱవవలసిన పుట మూఁతపడినను, మూయవలసినది తెఱచుకొన్నను కీడు వాటిల్లును. కొన్ని క్యాన్సరులలో ఇట్టి లోపములు కానవచ్చుచున్నవి. ఊడఁదీయు ఎంజైములను అడ్డు వొరినోస్టాట్ అను మందును చర్మమున పుట్టు ఒక విధమగు లింఫోమాకై అమెరికాలో 2006లో అనుమతించిరి.

విద్యార్థులారా! ఈ ఎంజైములు గ్రంథములోని అక్షరములను మార్చవు, కట్టును మాత్రమే విప్పును. తల్లిదండ్రులకు మా మనవియు నిదియే. ఇంట తెలుగు పుస్తక ముండుట వేఱు, విప్పి చదువుట వేఱు. ఈ పాఠమును మీ బిడ్డలచే ఒకసారి బిగ్గరగా చదివించి వినుఁడు.