గగనమార్గం – దూరం, కాలం

పల్నాడు అనగానే నాగులేరు, కారంపూడి రణరంగం స్మృతికి వస్తాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లాగా ఏర్పడిన ఈ సీమలో, మాచర్ల సమీపాన విజయపురి సౌత్‌ వద్ద ఒక రన్‌వే ఉన్నది. అక్కడినుండి నిర్ణీత వేళలకు నడిచే ప్రయాణికుల విమానాలు లేవు. కొత్త విమానాశ్రయాల కోసం 2024లో రాష్ట్ర ప్రభుత్వం పరిశీలనకు తీసుకొన్న స్థలాలలో నాగార్జునసాగర్ కూడా ఒకటి. ఆ ఆశ ఫలిస్తే ప్రయోజనమెంత? లెక్క వేసి చూద్దాం.

సాగర్, గన్నవరం రెండూ ఇంచుమించు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపైనే ఉన్నాయి. వాటి రేఖాంశాలు సుమారు 79.3, 80.8 డిగ్రీలు. అంటే భేదం ఒకటిన్నర డిగ్రీ. భూమధ్యరేఖపై ఒక రేఖాంశ డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు. ఉత్తరానికి వచ్చేకొద్దీ అది తగ్గుతుంది. మన అక్షాంశం వద్ద అది సుమారు 107 కిలోమీటర్లు. కాబట్టి గగనమార్గ దూరం సుమారు 160 కిలోమీటర్లు.

గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి ఇది ఇరవై నిమిషాల దారి. కాని రన్‌వేపై కదలడానికి, పైకి లేవడానికి, క్రిందికి దిగడానికి మరో ఇరవై నిమిషాలు కలపాలి. ముందుగా చేరుకోవలసిన గంట, సామాను తీసుకొని బయటపడే సమయం కూడా చేర్చితే రెండు గంటలవుతుంది. మాచర్లవాసికి కొంత కాలం కలిసివస్తుంది. నరసరావుపేటవాసికి మాత్రం అది వృథా ప్రయాస. గన్నవరం చేరడానికి అతడు ముందు పడమటికి పోయి, మరల తూర్పునకు ఎగరవలసివస్తుంది.

దూరం పెరిగితే ఫలితం మారుతుంది. సాగర్‌నుండి విశాఖపట్నానికి గగనమార్గం సుమారు 435 కిలోమీటర్లు. రాత్రంతా సాగే రోడ్డు ప్రయాణం గంటంబావులో ముగియవచ్చు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం క్రింద కడప–హైదరాబాదు విమానం ప్రారంభమైనది. ఆ దూరం సుమారు 300 కిలోమీటర్లు. గంట ప్రయాణానికి సగం సీట్ల ధరను నాడు 2,500 రూపాయలకు పరిమితం చేశారు. సామాన్యునికి వేగంతోపాటు ధర కూడా అందుబాటులో ఉండాలన్నదే దాని ఆశయం.

కావున విమానాశ్రయం విలువను రన్‌వే పొడవుతో కాక, ఇంటి గడపనుండి గమ్యం గడప వరకు ఆదా అయిన కాలంతో కొలవాలి. ఆపదలోనున్న రోగికి ఆ కాలమే ప్రాణం.

కఠిన పదాలు: ప్రయాస = శ్రమ; భేదం = తేడా; గమ్యం = చేరవలసిన చోటు.

ప్రశ్నలు
1. సాగర్–గన్నవరం గగనమార్గ దూరాన్ని ఎట్లు లెక్కించారు?
2. మాచర్లవాసికి కలిగే లాభం నరసరావుపేటవాసికి ఎందుకు కలుగదు?