మన సంపు నీళ్లను మనమే పరీక్షిద్దాం



మేము ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతూ మాణికేశ్వర్ నగర్‌లో గది అద్దెకు తీసుకొని ఉంటున్నాం. యూనివర్సిటీ కట్టడానికి రాళ్లు కొట్టిన వడ్డెర కుటుంబాలు నిలిచిపోయిన చోటు కనుక దీన్ని వడ్డెర బస్తీ అని కూడా అంటారు. ఇక్కడ నల్లా రోజూ రాదు. వచ్చిన రోజు డ్రమ్ములు, బిందెలు, సంపులు నింపుకోవాలి. హాస్టల్లోనూ అంతే కదా!

ప్రమాదం ఆ మధ్య రోజుల్లోనే ఉంది. నీళ్లు రానప్పుడు పైపు ఖాళీగా ఉంటుంది. జాయింటు కారుతూ, పక్కనే మురుగు కాల్వ ఉంటే ఆ మురుగు పైపులోకి చేరుతుంది. ప్రెషర్ చాలడం లేదని నల్లాకే మోటారు బిగిస్తే అది మురుగును ఇంకా గుంజుతుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో తాగునీటిలో మురుగు కలిసి వాంతులు, విరేచనాలతో పలువురు చనిపోయారు. వందమంది ఒకే సంపు నీళ్లు తాగే మనలాంటి చోట పైపుకు ఒక్క పగులు చాలు.

మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అమ్మవాళ్లు బిందెకు పాత చీర గుడ్డ కట్టి నీళ్లు వడగట్టేవారు. గుడ్డకు నలక చిక్కుతుంది గాని కామెర్లు తెచ్చే వైరస్ చిక్కదు. దాన్ని చంపేది క్లోరిన్. మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ మిగిలి ఉండాలి. వైరస్ భయం ఉంటే 0.5 ఉండాలి.

మరి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చాలామంది వాసన చూసి చెబుతారు. అది నమ్మదగినది కాదు. ఈతకొలను దగ్గర ముక్కుకు గుప్పున కొట్టే వాసన సంగతి చూడండి. క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటాం. నిజానికి చెమట, మూత్రంలోని నత్రజని పదార్థాలతో క్లోరిన్ కలిసి క్లోరమిన్లుగా మారితే వచ్చే వాసన అది. అంటే పనిచేసే క్లోరిన్ ఖర్చైపోతోందన్నమాట. మురుగు కలిసిన సంపులోనూ ఇదే జరుగుతుంది.

కనుక కొలవాలి. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె దొరుకుతుంది. గొట్టంలో నీళ్లు పోసి ఆర్థోటొలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. పది సెకన్లలోపు వచ్చిన రంగు ఫ్రీ క్లోరిన్‌ది. పావుగంట ఆగితే రంగు ఇంకా ముదిరిందా, ఆ పెరిగినదంతా క్లోరమిన్లది. ఆ మందు ఒంటికి మంచిది కాదు, చేతికి తగలనివ్వకండి. గులాబీ రంగునిచ్చే డీపీడీ మాత్రల కిట్ దొరికితే అదే మేలు.

రెండో కొలత పీహెచ్. ఈతకొలనులో దీన్ని 7.2 నుంచి 7.8 మధ్య ఉంచుతారు. కారణం ఇదీ: క్రిములను గట్టిగా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో ముప్పాతిక వంతు ఆ రూపంలో ఉంటుంది. 7.5 దగ్గర సగం, 8 దగ్గర సుమారు పావు, 8.5కు వచ్చేసరికి పదోవంతు కూడా ఉండదు. ఇంటర్ ల్యాబులో చూసిన పీహెచ్ కాగితమే ఇక్కడ చాలు. కొలనులో ఆమ్లం పోసి పీహెచ్ తగ్గిస్తారు. తాగే నీళ్లలో మనం ఆ పని చేయకూడదు. పీహెచ్ 8 దాటితే క్లోరిన్‌కు ఎక్కువసేపు టైమివ్వాలి, లేదా నీళ్లు మరిగించాలి.

ఇక మోతాదు. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 40 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట తీసుకోండి. అందులో ఒక్క మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. పది లీటర్ల సంపు నీళ్లు పట్టిన మూడు బకెట్లు పెట్టి, సూది తీసిన సిరంజితో వరుసగా 1, 2, 3 మిల్లీలీటర్లు వేసి కలపండి. అరగంట తర్వాత పరీక్షించండి. 0.5 చూపించిన మొదటి బకెట్టే మీ సంపు మోతాదు. అది రెండోదైతే లీటరుకు 2 మిల్లీగ్రాములు కావాలి. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు నీళ్లున్న సంపులో 9000 లీటర్లు. క్లోరిన్ 18 గ్రాములు, అంటే పౌడరు 72 గ్రాములు. దీన్నీ పైతేటగానే పోయాలి. మూత సరిగా పెట్టని పాత పౌడరులో 25 శాతం ఉండదు, లెక్క తప్పుతుంది. బాత్రూం కడిగే యాసిడ్‌ను మాత్రం దీని దరిదాపుల్లోకి రానివ్వవద్దు. రెండూ కలిస్తే విషవాయువే.

నల్గొండ వైపు తమ్ముళ్లకు ఒక మాట: ఎంత క్లోరిన్ వేసినా ఫ్లోరైడ్ పోదు. దానికి వేరే పద్ధతి ఉంది.

నల్లా వచ్చిన రోజు నల్లా దగ్గర ఒకసారి, సాయంత్రం సంపులో ఒకసారి కొలిచి వార్డెన్ సారు దగ్గర నోటుబుక్కులో రాయండి. నల్లాలో ఉండి సంపులో సున్నా అయితే ముందు సంపు గోడలు, మూత చూడండి. నల్లాలోనే సున్నా వస్తే హైదరాబాదులో ఉన్నవాళ్లు జలమండలి 155313కు తేదీ, టైము, కొలతతో సహా ఫిర్యాదు చేయండి.