తన్ను గూర్చి తానిచ్చుకొను తీర్పు

“నేనిట్టివాఁడను” అను నభిప్రాయము ప్రతిమనుష్యునకును గలదు. ఇది చిరకాల విచారణచే నేర్పడినదని తలఁతుము. కాని పెక్కుమాఱులు తలవని తలంపుగా వచ్చిన యొక్క క్షణమే దానికి మూలము.

ఇందులకు మెదడు యొక్క స్వభావమే కొంత కారణము. 1990 దశకమున ఊల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుఁడు కోతులకుఁ బండ్లరస మిచ్చి పరీక్షించెను. ఎదురుచూడని రసము లభించినపుడు డోపమీను కణములు విజృంభించెను. ముందే తెలిసినది లభించినపుడు మునుపటివలెనే యుండెను. ఎదురుచూచినది రాకున్న మందగించెను. అనఁగా, అనుకొన్నదానికిని జరిగినదానికిని గల భేదమే మనకు గురువు. అబ్బురమైనది లోఁతుగా నాటును.

ఇందుకు గాంధిగారి చరిత్రము దృష్టాంతము. 1891లో బారిష్టరై వచ్చిన వారు బొంబాయి స్మాల్‌కాజు కోర్టులో 30 రూపాయల ఫీజునకుఁ దొలి వ్యాజ్యము పుచ్చుకొనిరి. వాదిసాక్షులను బ్రశ్నింప లేచినంతనే తల తిరిగెను. నోట మాట రాదాయెను. ఫీజు మరల నిచ్చివైచి, దక్షిణాఫ్రికాకుఁ బోవువఱకు మరల న్యాయస్థానమునఁ గాలిడరైరి. రాజకోటలో నర్జీలు వ్రాసి కాలము గడపిరి. ఒక్క దినము సాక్షి. ఆ యేకసాక్షి మీఁదనే డిక్రీ!

1893లో ప్రిటోరియాయందలి భారతీయుల సభలో, విషయమును జక్కఁగా సిద్ధపఱచుకొని, వర్తకమున సత్యమును గూర్చి మాటలాడిరి. అదియే తమ మొదటి బహిరంగోపన్యాసమని చెప్పఁదగునని వారే పిమ్మట వ్రాసిరి. సభికులు శ్రద్ధతో వినిరి. మనుష్యుఁ డతఁడే, కంఠ మదియే. సిద్ధతయు, సందర్భమును మాత్రమే వేఱు. బొంబాయి తీర్పు అపీలులో నిలువలేదు.

కావున నొక విషయము గమనింపవలయును. ఆశ్చర్యక్షణము జరిగినదానిని మాత్రమే చూపును. దాని యర్థమును మనమో, ప్రక్కనున్నవారో చెప్పుదురు. పాఠశాలాసభలోఁ దడఁబడిన బాలునితోఁ దండ్రి “నీవు పిఱికివి” యనిన, నది యావజ్జీవశిక్ష కావచ్చును. “పాఠము చాలలేదు, మరల చదువుము” అనిన, నది దిద్దుకొనఁదగిన పొరపాటుగానే నిలుచును. ఆ గడియలో పెద్దల మాటకుఁ గల బలము మఱియొకప్పుడు లేదు.

చదువరులారా! మిమ్ముఁ గూర్చి మీరు నమ్మిన యొక కొఱఁత నెత్తుకొని విచారింపుఁడు. అది యెన్నిమాఱులు రుజువాయెను? వేఱు కారణ మేదియు లేదా? ఎదురుసాక్ష్యమును వింటిరా? అనుకోని పొగడ్త వలనఁ బుట్టిన గర్వమునకును ఇదే విచారణ చెల్లును. వాది ప్రతివాదుల నిరువురను వినక పరుని దండింపఁగూడదని యెంచు మనము తన్ను దండించుకొనునపుడు మాత్రమా నియమమును విడుచుట న్యాయమా?