చిన్న కారు టైరులో గాలి ఎంత యుండవలెను?

గ్రామములకు తారురోడ్లు పడినకొలది చిన్న కారుల సంఖ్యయు పెరుగుచున్నది. ఒకప్పుడు పెండ్లికో, ఎన్నికలకో మాత్రమే ఊరికి వచ్చిన కారు నేడు మన వీధిలోనే నిలిచియున్నది. అర్ధరాత్రి నొప్పులు పడుచున్న గర్భిణిని, పాముకాటు తిన్న రైతును ఆసుపత్రికి చేర్చుటకు పొరుగింటివారి కారే ఆధారమగు సందర్భములు పెక్కు కలవు. అట్టి వేళ నడిత్రోవలో టైరు పగిలినచో ఎంతటి ఆపద కలుగునో వేరుగ చెప్పనక్కరలేదు. కారు బరువునంతను మోయునది టైరులోని గాలియే. ఆ గాలినిగూర్చి మనలో వ్యాపించియున్న యొక అపోహను తొలగించి, సరియైన కొలతను తెలిసికొను విధమును పంచాయతీ సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

గాలి మోయు బరువు

మనుష్యులతో కూడిన యొక చిన్న కారు 1,000 కిలోగ్రాముల బరువున్నదనుకొందము. నాలుగు చక్రములకు సమముగ పంచినచో ఒక్కొక్క చక్రముపై 250 కిలోల భారము పడును. టైరులో గాలి 30 పౌండ్లున్నదనగా, ప్రతి చదరపు అంగుళముమీదను అది 30 పౌండ్ల బలముతో నెట్టుచున్నదని యర్థము. ఇది చదరపు సెంటీమీటరునకు సుమారు 2.1 కిలోలు. ఈ లెక్కచొప్పున టైరు నేలను తాకుచోటు దాదాపు 120 చదరపు సెంటీమీటర్లు. అనగా పెద్దవాని అరచేయియంత. మలుపు తిరిగినను, బ్రేకు వేసినను, వానలో పోయినను కారునకు నేలతోగల పట్టు ఈ నాలుగు అరచేతులంత చోటు మాత్రమే.

గాలి 20 పౌండ్లకు తగ్గినచో ఆ చోటు సుమారు 180 చదరపు సెంటీమీటర్లగును. నేలను తాకుచోటు పెరిగినందున మేలే కలుగునని తోచవచ్చును. కాని అట్లు పెరుగుటకు టైరు ప్రక్కగోడలు అణగి వంగవలసియున్నది. చక్రము తిరిగిన ప్రతిసారియు అవి వంగుచు, మరల నిలుచుచు నుండును. ఇనుపతీగను పలుమారు వంచినచో వేడెక్కి తుదకు తెగునట్లే, టైరు గోడయు లోలోపల వేడెక్కి బలహీనపడును.

ఎండకాలపు అపోహ

ఎండకు గాలి ఉబ్బును గనుక వేసవిలో గాలి కొంత తీసివేసినచో టైరు పగులదని మనలో చాలమంది నమ్ముచున్నారు. రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము వంటి చోట్ల మండు వైశాఖమున రోడ్డుమీద కాలు పెట్టలేని స్థితిని చూచిన వారికి ఈ నమ్మకము సహజమే. కాని యది పొరపాటు.

ఎండకు గాలిపీడనము పెరుగుట నిజమే. వేడి 10 డిగ్రీల సెంటిగ్రేడు పెరిగినచో టైరులో గాలి ఒకటిన్నర నుండి రెండు పౌండ్లవరకు పెరుగును. ఈ పెరుగుదలను తయారుచేయువారు ముందే లెక్కలోనికి తీసికొని టైరును నిర్మింతురు. గాలి తీసివేసినపుడు టైరు గోడలు ఎక్కువగ వంగి, పైనున్న ఎండవేడికి లోపల పుట్టిన వేడియు తోడగును. నిండు మనుష్యులతో, సామానుతో జాతీయ రహదారిపై వేగముగ పోవునపుడు టైరు పగులుటకు ఇది ముఖ్యకారణములలో నొకటి. కావున వేసవిలో గాలి తగ్గించుట ప్రమాదమును నివారించుట కాదు, పిలుచుటయే.

సరియైన అంకె ఎచ్చట నున్నది?

డ్రైవరు తలుపు తెరచినచో తలుపు చట్రమునకు అంటించిన చిన్న చీటీ కానవచ్చును. ముందు, వెనుక చక్రములకు ఎంత గాలి యుండవలెనో దానిపై ముద్రింపబడియుండును. చీటీ చెరిగిపోయినచో కారుతో ఇచ్చిన పుస్తకములో చూడవలెను. చాల చిన్న కారులకు ఈ అంకె 30 నుండి 36 పౌండ్ల నడుమ నుండును. కొన్నిటిపై ఈ లెక్క కిలోపాస్కలులలో నుండును. 210 కిలోపాస్కలులనగా సుమారు 30 పౌండ్లు. 230 అనగా సుమారు 33. నిండు బరువునకు వేరొక అంకె యిచ్చియున్నచో, ఐదుగురు సామానుతో పోవునపుడు దానినే పాటింపవలెను.

టైరు ప్రక్కనే 44 అనియో, 51 అనియో అచ్చొత్తిన అంకె యుండును. అది ఆ టైరు తట్టుకొనగల హద్దేకాని, పట్టవలసిన గాలి కాదు. అంత గాలి పట్టినచో నేలను తాకుచోటు తగ్గి, బ్రేకు వేసినపుడు పట్టు చాలక కారు జారును.

కొలుచు విధము

చీటీలోని అంకె చల్లని టైరునకు చెప్పబడినది. కారు కనీసము మూడు గంటలు నిలిచియున్న పిదప, ఎండ తగులకముందు, తెల్లవారుజామున కొలుచుట ఉత్తమము. బంకు దూరముగ నున్నచో ఒకటి రెండు కిలోమీటర్లలోపల నడిపి కొలువవచ్చును. చాలదూరము నడచిన టైరులో గాలి నాలుగైదు పౌండ్లు ఎక్కువ చూపుట సహజము; దానిని చూచి గాలి తీయరాదు.

ఏ లోపము లేని టైరునుండి సయితము నెలకు సుమారు ఒక పౌండు గాలి తగ్గుచుండును. కావున నెలకొకమారును, దూరప్రయాణమునకు ముందును తప్పక కొలువవలెను. స్టెప్నీని మరువరాదు. గాలి పట్టిన పిదప వాల్వు నోటిపై నీటిచుక్క వేసిచూడవలెను. బుడగలు వచ్చినచో గాలి కారుచున్నట్లే. వాల్వు మూత పెట్టినగాని దుమ్ము ఆగదు.

టైరు అరిగిన తీరే సాక్ష్యము చెప్పును. రెండంచులును అరిగినచో గాలి తక్కువైనదనియు, నడుమ అరిగినచో ఎక్కువైనదనియు తెలియవలెను. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు రోడ్డున కెక్కదగదు. ఆ లోతును తెలుపు చిన్న గట్లు గాళ్ల నడుమనే యుండును. రబ్బరు వానితో సమమైననాడు టైరు మార్చవలసినదే.

పంచాయతీ చేయదగినది

ఇది కారు యజమాని సొంత విషయమని విడువరాదు. టైరు పగిలిన కారు రోడ్డుప్రక్క నడచువారిమీదికిని, ఎదురుగ వచ్చు మోటారుసైకిలుమీదికిని పోవును. పంచాయతీ కార్యాలయమున నమ్మకమైన గాలికొలత గేజి నొకదానిని ఉంచినచో ఊరివారెల్లరు వాడుకొందురు. పంక్చరు దుకాణములలోని పాత గేజీలను దానితో సరిచూచుకొనవచ్చును. పెట్రోలు బంకులలో గాలిని ఉచితముగ పట్టవలెనను నియమము కలదని గ్రామసభలో తెలుపవలెను. బాడుగ కారు నడుపు యువకులను పిలిచి, వేసవి రాకముందే చల్లని టైరును కొలిచి చూపవలెను.

తెలంగాణమున 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున పంచాయతీలకు ట్రాక్టరులు లభించినవి. వాని పెద్ద చక్రములకు కారు టైరుకంటె తక్కువ గాలియు, ట్రాలీ చక్రములకు ఎక్కువ గాలియు కావలెను. కావున కారు అంకెను వానికి వర్తింపజేయక, వాని పుస్తకములనే చూడవలెను.

గేజి వెల స్వల్పము. కొలుచుటకు పట్టుకాలము ఐదు నిమిషములు. చీటీలోని అంకెను, చల్లని టైరును, నెలకొకమారు అను నియమమును గ్రామమున ప్రతి డ్రైవరునకు తెలిపినచో, ఆసుపత్రికి బయలుదేరిన కారు ఆసుపత్రికే చేరును.