ప్రామాణిక శ్రమకాలం

కూచిపూడి నాట్యంలో ఆదితాళానికి అక్షరాలు ఎనిమిదే. గతి విలంబమైనా, ద్రుతమైనా ఆ లెక్క మారదు. అటువంటి కట్టుబాటునే మోటారు కార్ల మరమ్మతులోనూ నెలకొల్పాలని గత శతాబ్దంలో ప్రయత్నం సాగింది. ఏ పనికి ఎంత కాలం పడుతుందో ముందుగానే నిర్ణయించి, దానిని బట్టి కూలి కట్టటం ఈ పద్ధతి. ఆ కాలానికే ప్రామాణిక శ్రమకాలమని పేరు.

దీనికి పునాది వేసినవారిలో ముఖ్యుడు అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్. 1880 దశకంలో ఆయన ఉక్కు కర్మాగారంలో పనిని చిన్న చిన్న అంశాలుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి పట్టే కాలాన్ని గడియారంతో కొలిపించాడు.

ఒక కారుకు క్లచ్ ప్లేటు మార్చటానికి ఒక మెకానిక్‌కు 200 నిమిషాలు పట్టిందనుకుందాం. అతడు సగటు పనివాని కంటె అయిదు శాతం చురుకైనవాడు. కనుక సగటు పనివానికి 210 నిమిషాలు కావాలి. అలసటకు, దాహానికి, పనిముట్లు వెదకటానికి ఇరవై శాతం కలిపితే 252 నిమిషాలు, అనగా 4.2 గంటలు. దీనిని నాలుగు గంటల ఇరవై నిమిషాలుగా చదివి తప్పులో కాలు వేసేవారున్నారు. గంటలో పదో వంతు ఆరు నిమిషాలు కనుక అది నాలుగు గంటల పన్నెండు నిమిషాలే.

క్లచ్ ప్లేటుతో పాటు రిలీజు బేరింగును మార్చినప్పుడు రెండింటికీ విడివిడిగా పూర్తి కాలం కట్టటం న్యాయం కాదు. గేర్‌బాక్సు దింపింది ఒక్కసారే కదా!

అసలు చిక్కు తుప్పుతో వస్తుంది. పుస్తకంలోని కాలం సాధారణంగా మంచి స్థితిలో ఉన్న బండిని, తగిన పనిముట్లను దృష్టిలో ఉంచుకొని కట్టినది. బందరు, దివిసీమల ఉప్పుగాలి సోకిన పాత బండి సైలెన్సరు బోల్టుకు ఆ పుస్తకంతో నిమిత్తం లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టాలి, సెగ చూపాలి, ఒక్కొక్కప్పుడు కోయాలి. పది నిమిషాల పని గంటకు సాగుతుంది. ఆ మిగిలిన యాభై నిమిషాల భారం ఎవరిది? పుస్తకం ప్రకారమే కూలి ఇస్తే మెకానిక్ నష్టపోతాడు. నష్టం పూడ్చుకోవాలని తొందరపడితే మరొక బోల్టు సరిగా బిగియదు. ఆ ప్రమాదం ప్రయాణికునిది.

చిన్న షెడ్లలో బండిని చూసి గుత్తగా కూలి మాట్లాడుకొనే పద్ధతి ఉంది. అందులో తుప్పు కూడా లెక్కకు వస్తుంది. కాని ఎంత వచ్చిందో యజమానికి తెలియదు. అనుభవజ్ఞుడైన మెకానిక్ పుస్తకపు కాలాన్ని ముందు చెప్పి, బోల్టు విరిగితే అదనంగా ఎంత అవుతుందో వేరుగా చెబుతాడు. యజమాని ఒప్పుకొన్న తరువాతనే పానా పడతాడు.